పెద్దయ్యకు అయిదు

"తప్పు చేసినప్పుడు మిమ్మల్ని మీరు క్షమించుకుంటరా? ఎన్నడూ లేదంటే ఒకటి, ఎప్పుడూ అంటే అయిదు," సర్వేకొచ్చిన రిజ్వానా అడిగింది.

తెలంగాణ ధర్నా తొక్కిసలాటలో కొడుకును పోగొట్టుకున్న పెద్దయ్య తల దించుకున్నాడు.

"అయిదు రాయి! నేనొద్దన్నా ఇనక గీ మనిషే పోరన్ని ధర్నాకు పొమ్మన్నడు. సిగ్గు లేనోడు!" భార్య అనసూర్య అరిచింది.

పెద్దయ్య కాదనలేదు. రిజ్వానా అయిదు రాసి, రెండో కాగితం తీసింది. "ఇప్పుడు మీరు చెప్పాలె, అమ్మా."

అనసూర్య గడప మీద కూలబడింది. "ఆ పొద్దు ఈయనకు చాటుగ పోరనికి సద్దిగట్టి పంపింది నేనే," అంది.

"ఎరికే," అన్నాడు పెద్దయ్య. "సిద్దిపేట దవాఖాన్ల ఆ సద్ది డబ్బ నా చేతికే ఇచ్చిన్రు. కడిగి, నీకు కనవడకుండ దాసిన."

రిజ్వానా వైపు తిరిగాడు.

"బిడ్డా, నాకేసిన అయిదు ఈమెకెయ్యి."