ఏనుగు తొక్కిన కాలు

నెల నిండని చింటుగాని కుడిపాదం లోపలికి మడత పడి ఉన్నది. అరికాలు ఆకాశం దిక్కు చూస్తున్నది.

ఆ పాదం వేళ్ళను రెండు వేళ్ళతోని పట్టుకొమ్మన్నది డాక్టర్ నుజహత్. తండ్రి బాలకిషన్ బల్ల మీదికి వంగి పట్టుకున్నడు.

శాలిబండ బస్తీల సగం ఇండ్ల మిక్సీలు విప్పి బిగించిన చేతులవి.

"ఇది మొదటి పిండికట్టు," అన్నది డాక్టర్, కాలు చుట్టూ దూది చుట్టుకుంట. "వారానికొకటి మారుస్తం. మారుస్తున్నకొద్దీ జర్రంత జర్రంత తిప్పుకుంట పోతం. ఆరేడు కట్లకు సక్కగైతది. తర్వాత కొన్నేండ్లు బూట్లు తొడిగి పండబెట్టాలె. ఫికర్ చేయకుండ్రి."

తల్లి స్రవ్య పిల్లాని నోట్ల పాలసీసా పెట్టి తల దిక్కున నిలబడ్డది.

"ఇంట్ల ఇంకెవరికన్న గిట్ల ఉన్నదా అమ్మా?"

"ఎవ్వరికి లేదు మేడం. తప్పు నాదే."

తల ఎత్తకుండనే చెప్పింది.

"గ్రహణం పట్టినంతసేపు కాళ్ళు సాపి పండుకోవాలె, ముడువొద్దు అన్నది అత్తమ్మ. నడుము గుంజుతున్నదని జరసేపు మఠం వేసుకొని కూసున్న."

"గ్రహణానికీ కాలుకూ ఏం సంబంధం లేదమ్మా."

"పెద్దామె చెప్పింది మేడం. ఆమెకు తెల్వదా?"

మూడు వారాల నుంచి ఇంట్ల ఇదే పాట. పిల్లాన్ని చూడవచ్చిన ప్రతి చుట్టానికీ అత్తమ్మ విమలాదేవి చాయ్ కంటె ముందు ఆ మాటే అందించేది. "ముడువకే అంటె ముడిచింది. చూడుండ్రి."

ఆ మాట వినపడ్డప్పుడల్ల బాలకిషన్‌కు దుకాణంల ఏదో పని యాదికొచ్చేది.

డాక్టర్ అతని దిక్కు తిరిగింది.

"మీ కాలుకేమైంది భాయ్? కుంటుకుంట మెట్లెక్కుతుంటె చూసిన."

శాలిబండల తెలిసినోళ్ళెవరూ ఈ ప్రశ్న అడుగరు. అడిగితె గంటసేపు కథ వినుకుంట కూసోవాలె.

బోనాల ఊరేగింపు. ఏడేండ్ల బాలకిషన్. పటాకుల చప్పుడుకు ఏనుగు బెదిరింది. దాని దారిల ఎవరిదో చంటిపిల్ల. మనోడు ఉరికి ఆ పిల్లను అవతలికి నూకేటాలకు, ఏనుగు కాలు వచ్చి మనోని పాదం మీద పడ్డది. పాపం, అది తొండంతోని తల నిమిరి కండ్లనీళ్ళు గూడ పెట్టుకున్నది.

మొదట్ల ఆ ఏనుగు రెండు టన్నులే. పెండ్లిచూపుల నాటికి మూడైంది. ఇప్పుడు అయిదు దాటింది. ఇంకో రెండు బోనాలు గడిస్తె చార్మినార్ కమానుల పట్టదు. పక్క దుకాణం వహీద్ అయితె "క్యా ఏనుగు భాయ్" అనే పిలుస్తడు.

అసువంటి బాలకిషన్ ఇయ్యాల నోరు తెరువలే.

"ఏనుగు తొక్కింది మేడం," అన్నది స్రవ్య.

అంతా తనే చెప్పింది. బెదురుడు, ఉరుకుడు, నూకుడు. అతను ఎక్కడెక్కడ ఆగుతడో అక్కడక్కడ ఆగింది. తొండం కాడికి వచ్చేసరికి చిన్నగ నవ్వింది.

పురుడైనంక ఆమె నవ్వుడు అదే మొదలు.

"నిజంగ ఏడ్చిందట మేడం. కావాలంటె ఈయన్నే అడుగుండ్రి."

వంగి నిలబడ్డందుకు బాలకిషన్ ప్యాంటు పైకి లేసి ఉన్నది. డాక్టర్ అతని పిక్క చూసింది. ఎండిన మునక్కాయ లెక్క ఉన్నది.

"తొక్కింది పాదం కదా. పిక్క ఎందుకు ఎండింది?"

అతను ఖాళీ చేతితోని ప్యాంటు కిందికి గుంజుకున్నడు.

"ఏనుగేనా భాయ్?"

ఆ ఏనుగును తోలుకొచ్చింది వాళ్ళమ్మ విమలాదేవి. బడిల పిల్లలు కుంటోడా అంటె ఏడ్చుకుంట ఇంటికొచ్చిన కొడుకును ఒళ్ళె కూసోబెట్టుకొని, కండ్లు తుడిచి, చేతిల పెట్టింది. ఎవరన్న అడిగితె గిట్ల చెప్పు బిడ్డా అన్నది.

అయిదు టన్నులను అలవోకగ లేపే నాలుక, చిన్న మాటకు లేవలేదు.



"కాదు మేడం," అన్నడు ఆఖరికి. "పుట్టుకతోనే. గిదే కాలు. గిట్లనే."

డాక్టర్ పట్టీని నీళ్ళల ముంచి పిండి, చుట్టుడు మొదలు పెట్టింది.

ఒక చుట్టు. రెండు చుట్లు.

"అత్తమ్మకు..." అని ఆగింది స్రవ్య.

అడిగేదేమున్నది. కన్నతల్లికి ఎరుక కాదా.

పాలసీసా ఖాళీ అయింది. అయినా ఆమె దాన్ని పిల్లాని నోట్లనే పట్టుకొని ఉన్నది.

"పిల్లాన్ని తొట్టెల ఏసిన నాడు అందరి ముంగట ఆమె కాళ్ళు మొక్కిన," అన్నది మొగనితోని. గొంతు లేవలేదు. దినాము కూరలేమున్నయో చెప్పినట్టే చెప్పింది. "తప్పయింది, మాఫ్ చెయ్యి అత్తమ్మా అన్న. మీరు ఆడనే ఉన్నరు."

బాలకిషన్ తల ఎత్తలే.

"అంత గట్టిగ పట్టొద్దు భాయ్," అన్నది డాక్టర్. "పిల్లాని వేళ్ళు తెల్లబడుతున్నయి."