చెత్తబండికి పోయిన కార్డులు

అమెరికాలోని టొలీడోలో ఏటా జరిగే పాత బేస్‌బాల్ వస్తువుల సంతలో ఒక బల్ల ముందు ఎర్విన్ నిలబడిపోయాడు. అతని చేతిలో ఒకప్పటి ఆటగాడి బొమ్మ ఉన్న కార్డు, పిల్లలు పోగుచేసుకునే రకం. వెనకవైపు వంకరటింకర అక్షరాల్లో, "ఇది ఎర్విన్‌ది. ముట్టుకుంటే తంతా" అని ఉంది.

అది అతని చిన్నప్పటి రాతే. అలాంటి కార్డులు పెట్టెడు కూడబెడితే, అమ్మ వాటిని చెత్తబండిలో పడేశానంది. పెద్దవాడయ్యాక మళ్ళీ ఒక్కొక్కటే వెతికి కొంటున్నాడు.

"అన్నా, ఇటు చూడు! చెత్తలో పోయిన కార్డు ఇక్కడికెలా వచ్చింది?"

ప్రతి ఏడూ తోడుగా వచ్చే అతని అన్న లైల్ ఆ కార్డు చూశాడు. తింటున్న హాట్‌డాగ్‌ను మళ్ళీ కాగితంలో చుట్టేశాడు.

"ఆ పెట్టె నేనే అమ్మేశాన్రా. మోటార్ సైకిల్ కోసం."

"ఇన్నేళ్ళూ నా పక్కనే తిరిగి, నాతోపాటు వెతికినట్టు నటించావా? మరి తనే పారేశానని అమ్మ ఎందుకు చెప్పింది?"

"నీతో చెప్పేస్తానన్నాను. అమ్మే పడనివ్వలేదు. 'అన్న చేశాడంటే వాడు జన్మలో క్షమించడు. అమ్మ మీద కోపం ఎంతసేపు, ఆకలేస్తే వాడే వస్తాడు' అంది."

ఎర్విన్ కార్డును బల్ల మీద పెట్టేశాడు.

అమ్మ మీద ఆ కోపం అతనికి తగ్గనే లేదు. ఇల్లు విడిచాక మళ్ళీ అమ్మ గడప తొక్కలేదు. ఆమెను సమాధి చేసిన రోజున కూడా ఇలాంటి సంతలోనే, ఒక కార్డుకు బేరమాడుతున్నాడు.