కొలత తీయని గౌను

"చేతులెత్తితే చంకల్లో పట్టేస్తోంది. ఇది నాకు కుట్టావా, నీకు కుట్టుకున్నావా?" తెల్లగౌనులో ఇరుక్కుపోయిన కూతురు పకపకా నవ్వింది.

దర్జీ పని చేసే తల్లి నాలుక కరుచుకుంది. ఆదివారం కూతురి బాప్తిస్మమన్న కంగారులో తన కొలతలతోనే కత్తిరించేసింది.

"వీధిలో అందరికీ టేపు పెడతావు, నన్ను మాత్రం ఏదీ అడగవమ్మా. బాప్తిస్మం సంగతి అడిగావా?"

"నీ వయసుకి నేను తీసేసుకున్నానే!"

"అమ్మమ్మ వద్దని గోలపెట్టినా నీ అంతట నువ్వే వెళ్లావు. నన్నూ అలాగే వెళ్లనీ."

"అసలు వెళ్లకపోతేనో?"

"నిన్ను పిలిచిన ప్రభువు నన్ను పిలవడా?"

తల్లి గొణిగింది. "పాస్టరుగారికి ఏం చెప్పమంటావు?"

"గౌను ఇంకా కాలేదని చెప్పు."

తల్లికి నవ్వాగలేదు. కూతురు తీసిచ్చిన గౌను ఒళ్లో వేసుకుని కుట్లు విప్పసాగింది.

"సరేలే. వెళ్లాలనిపించిన రోజు చెప్పు, కొలతలు తీస్తాను."