నిరుడు వచ్చిన పిల్ల

సామాను దించి ప్లామెన్ రొట్టె కొనడానికి వెళ్ళగానే, ఇల్లుగలావిడ వాస్కా అతని భార్య రలిత్సాకి కాఫీ ఇచ్చింది.

"డబ్బులు తక్కువ, అవ్వా. ప్రతి ఊళ్ళోనూ చవక గది ఈయనే వెతుకుతాడు. ఈ బితోలా ఊరు మా ఇద్దరికీ కొత్తే," అంది రలిత్సా.

వాస్కా వింతగా చూసింది. "నిరుడు మా ఇంట్లోనే దిగాడుగా? ఇంకో పిల్లతో."

"ఏ పిల్ల?"

"పేరు తెలీదు తల్లీ. పొద్దున్నే ఇద్దరూ కొండెక్కారు. సాయంత్రం ఒక్కడే దిగొచ్చాడు. అలిగి బస్సెక్కిందన్నాడు. ఆ పిల్ల సంచి కూడా తనే మోసుకుపోయాడు."

రలిత్సా కప్పు కింద పెట్టింది.

వీధి గుమ్మంలోంచి ప్లామెన్ హుషారుగా కేకేశాడు. "రేపు కొండెక్కుదాం రలిత్సా. పైసా ఖర్చుండదు."

ఆమె తన సంచి భుజాన వేసుకుంది. "అవ్వా, పెరటి గుమ్మం ఎటు?" అంది నెమ్మదిగా.

వాస్కా వంటింట్లోని పెరటి తలుపు గడియ తీసింది.