కౌజు పిన్ని అడిగే ప్రశ్న

ఆ రెల్లుపొదలో గడ్డి ఎంత దట్టమంటే, పక్కనున్న పిట్టా కనబడదు, పొంచి ఉన్న అడవిపిల్లీ కనబడదు. అందుకే అక్కడి పిట్టలు ఎవరు పిలిచినా, "నిన్న మనిద్దరం ఏం తిన్నాం?" అని అడిగాకే మాట కలిపేవి.

గోరింకకు ఇది ఒళ్ళుమంట. "కౌజు పిన్నీ, రోజూ ఈ చాదస్తమేంటి? నా గొంతు తెలీదా?"

"గొంతు తెలుసమ్మా. గొంతు వెనకున్నదెవరో ఎలా తెలుస్తుంది?" అనేది కౌజు పిట్ట, పిల్లల్ని రెక్కల కిందికి సర్దుకుంటూ.

ఒకరోజు గోరింక గొంతు వినబడింది. "పిన్నీ, అడవిపిల్లి వెళ్ళిపోయింది. పిల్లల్ని తీసుకుని బయటికి రా."

"నిన్న ఏం తిన్నాం?"

"మళ్ళీ మొదలెట్టావా? నా గొంతు తెలీదా?"

అచ్చం గోరింక విసుగే! కౌజు లేచి ఒక అడుగు వేసింది కూడా. అయినా మనసొప్పక మళ్ళీ అడిగింది. గడ్డి కదిలింది. ఇన్నాళ్ళూ పొంచి విని గోరింక మాట నేర్చిన అడవిపిల్లి, ఆ జవాబు మాత్రం తెలియక ఆకలితోనే వెళ్ళిపోయింది.

మర్నాడు గోరింక వచ్చి, అడక్కముందే చెప్పింది. "పిన్నీ, నిన్న మనమేమీ తినలేదు. పిల్లి నా గొంతుతో పిలుస్తుంటే, భయంతో నాకు నోరు పెగల్లేదు."

"అయితే నువ్వే," అంది కౌజు. "రా, తిందాం."