నేను వదులుకున్న తొలి అడుగు

"కూర్చోరా నాయనా, కూర్చో!"

లోకంలో ఏ తండ్రైనా ఈ వయసు పిల్లాణ్ని చూసి నడవరా అంటాడు. నేను మాత్రం చేతులు జోడించి కూర్చోమని బతిమాలుతున్నాను. సోమవారం మిట్టమధ్యాహ్నం, మావాడు పట్టుకున్న స్టూలు వదిలేసి, వంటింటి గుమ్మం దగ్గర్నుంచి నా మంచం దాకా తనంతట తానే నడిచొచ్చేశాడు. వాళ్లమ్మ చూస్తే ఇంట్లో లేదు.

నాది దినపత్రిక అచ్చేసే ప్రెస్సులో రాత్రి డ్యూటీ. మా ఆవిడ పగలంతా బట్టల షాపులో నిలబడి చీరలు విప్పి చూపించే ఉద్యోగం. తెల్లారి నేనొచ్చి నడుం వాలుస్తాను. నేను లేచేసరికి ఆవిడ చెప్పులేసుకుని, వాణ్ని నా చంకకి అందించి పరిగెడుతుంది. తిరిగొచ్చేసరికి వాడికి నిద్ర, నాకు డ్యూటీ టైము.

అంచేత వాడి ఘనకార్యాలన్నీ నా హయాంలోనే జరిగాయి. బోర్లా పడ్డది నా ముందే. మొదటి పన్ను కనిపెట్టిందీ నేనే, వేలు కొరికించుకుని మరీ. ఆ వేలు నేను చూపించని మనిషి ప్రెస్సులో లేడు. మా ఫోర్‌మన్ అయితే నన్ను చూడగానే మిషన్ల చప్పుడు ఎక్కువున్న వైపు వెళ్లిపోయేవాడు.

మొదటి మాట కూడా నేనే విన్నాను. ఆ సాయంత్రం గొప్పగా చెబితే మా ఆవిడ నవ్వలేదు. భుజాన సంచి కూడా దించకుండా గోడకి చేరగిలబడింది.

"కనడం ఒక్కటే నా వంతా? పెరగడమంతా మీ ముందేనా?" అంది. కళ్లనిండా నీళ్లు.

ఆ సంచి నేనే అందుకుని దించాను. "నడక మాత్రం నీ ముందే. మాటిస్తున్నా," అన్నాను.

"మాటివ్వడానికి నడిచేది మీరా, వాడా?" అంది ముక్కు చీదుకుంటూ.

మాటైతే ఇచ్చాను గానీ నోరు ఊరుకోదుగా! వాడికి నడక నేర్పుతున్న గురువుని నేనేనని ప్రెస్సంతా టముకు వేశాను. మా అత్తగారికి ఫోన్ చేసి పాఠాలు ఎంతవరకు వచ్చాయో కూడా చెప్పాను.

ఇప్పుడేమో శిష్యుడు గురువుగారి కొంప ముంచాడు. ఆనందంతో గంతేశాను, నిజమే. ఒక్క గంతే. వెంటనే వాణ్ని చంకనేసుకున్నాను. రోజూ నడిచి నడిచి ఆరితేరితే వాళ్లమ్మ ముందు తడబాటే ఉండదు, నా దొంగతనం బయటపడుతుంది.

ఆ క్షణంనుంచి మా ఇంట్లో పగటిపూట నడక నిషేధం. వాడు లేవడం, నేను ఎత్తుకోవడం. నా నడుం పడిపోయింది. పొద్దుటిపూట ఆవిడ దగ్గరున్నప్పుడు నడుస్తాడేమో, "ఏమండీ" అని కేక వినిపిస్తుందేమోనని ఒక చెవి తెరుచుకునే పడుకునేవాణ్ని. గిన్నెల చప్పుడే తప్ప ఏ కేకా లేదు.

"ఏమయ్యా, మీవాడు నడిచాడా?" అని ఫోర్‌మన్ తనే అడిగాడు.

"ఇంకా లేదండీ," అన్నాను. నా త్యాగానికి నాకే కళ్లు చెమర్చాయి. మా ప్రెస్సులో మొదటొచ్చే కాపీలు మసగ్గా ఉంటాయని చించి పారేస్తాం. పిల్లల విషయంలో మొదటిదానికి ఇంత గిరాకీ ఏమిటో! ఏదైతేనేం, నాలాంటి మొగుడు దొరకడం ఆవిడ పూర్వజన్మ సుకృతం అని తేల్చుకున్నాను.

శుక్రవారం ఇద్దరికీ సెలవు. వాణ్ని గది మధ్యలో నిలబెట్టాను.

"ఏమోయ్, నువ్వా గోడ దగ్గర కూచో. నేను వదుల్తాను."

"మీరే కూచోండి. నేను వదుల్తాను."

"అబ్బ, చెప్పిన మాట వినవే!"

"నేర్పింది మీరు కదండీ. మీ దగ్గరికే రానీండి."

ఎంత మంచి మనసు! తన వంతు కూడా నాకే ఇస్తోంది, పిచ్చిది. నేనూ పట్టు వదల్లేదు. నువ్వంటే నువ్వని మేం వాదించుకుంటుంటే వాడికి విసుగు పుట్టింది. మా ఇద్దర్నీ కాదని చెప్పుల స్టాండు దాకా చకచకా నడిచివెళ్లి, నా చెప్పు తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"నడిచాడు!" అని నేను గుండె మీద చెయ్యేసుకున్నాను.

"నడిచాడు!" అని ఆవిడా అప్పుడే అరిచింది.

నేను అంతటితో ఊరుకోలేదు. గోడకి జారబడ్డాను. కళ్లు తుడుచుకున్నాను. ఆవిడ వాణ్ని వదిలేసి నన్నే చూస్తోంది. చిన్నప్పుడు బళ్లో నాకు చెట్టు వేషం తప్ప ఇవ్వని మాస్టారు ఇప్పుడు చూడాలి!

"చూశావా? మాట నిలబెట్టుకున్నానా లేదా?"

"అవునండీ. మనిద్దరి ముందే," అంది, వాడి నోట్లోంచి చెప్పు లాగుతూ. ఆ మొహంలో సంతోషం చూసి ఈసారి నిజంగానే కళ్లు తుడుచుకున్నాను.

ఇక ఆగలేక మా అత్తగారికి ఫోన్ కలిపాను.

"ఇప్పుడెందుకండీ, నేను తర్వాత చెబుతాలెండి," అని మా ఆవిడ ఫోన్ కోసం చెయ్యి చాపింది. నేను వింటేగా! స్పీకరు పెట్టి మరీ, "అత్తయ్యగారూ, మీ మనవడు ఇప్పుడే నడిచాడండీ!" అని కేకేశాను.

"హమ్మయ్య, మీ ముందు కూడా నడిచేశాడా బాబూ! పోయిన శనివారం పొద్దున మీరు నిద్రలో ఉండగా నడిచాడని తెలిస్తే చిన్నబుచ్చుకుంటారని, మా అమ్మాయి మా అందరి నోళ్లూ కుట్టేసిందనుకోండి!"