గట్టి సిమెంటు

"అరటిపండు, డాక్టరూ! అరటిపండు కొరికితే ఊడొచ్చింది!"

మేస్త్రి కాగితం పొట్లం విప్పి, పంటి క్యాపుని ట్రేలో పడేశాడు. ఊడడం ఇది మూడోసారి. బయట వరసలో కూర్చున్నవాళ్ళెవరో కిసుక్కుమన్నారు.

"నేను కట్టిన నీళ్ళ ట్యాంకు ఇన్నేళ్ళలో చుక్క కారలేదు. నువ్వు ఇంత పన్ను నిలబెట్టలేవు. ఎవడిచ్చాడయ్యా నీకు పట్టా?"

"సిమెంటులో లోపమేమో మావయ్యగారూ..."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! మావయ్యా లేదు, గీవయ్యా లేదు. నేను పేషెంటుని."

కూతురు చెప్పాపెట్టకుండా ఈ డాక్టర్ని చేసుకున్ననాడే, వాళ్ళ గడప తొక్కననీ ఆమెతో మాట్లాడననీ ఒట్టు పెట్టుకున్నాడాయన. తీరా చూస్తే ఊళ్ళో దవడలో స్క్రూ బిగించి పన్ను కట్టే ఇంప్లాంట్లు వేసేవాడు ఇతనొక్కడే. పైన ఇల్లు, కింద క్లినిక్కు. గోడ కొలిచినట్టే ఒట్టునీ కొలిచి, క్లినిక్కు అందులోకి రాదని తేల్చుకున్నాడు మహానుభావుడు.

"లైటు కాస్త జరపమను ఆ అమ్మాయిని," అన్నాడు గోడకేసి చూస్తూ.

భర్తకి పనిలో సాయం చేస్తున్న కూతురు లైటు జరిపింది. తండ్రి గడ్డం మీద నీళ్ళు తుడిచింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

డాక్టరు పరువు గంగలో కలుస్తోంది. మొదటిసారి కావాలనే తాత్కాలిక సిమెంటు పెట్టాడు. ఎప్పుడైనా లోపలి స్క్రూ వదులైతే, క్యాపు పగలగొట్టకుండా తీయొచ్చని. అది ఊడిందంటే అర్థముంది. తర్వాత రెండుసార్లూ గట్టిదే కలపమన్నాడు. అయినా ఊడింది!

"కొందరి చేతికి గోడలు నిలవవు. అంతే," అన్నాడు మేస్త్రి.

డాక్టరుకి తిక్క రేగింది. "స్క్రూ సంగతి దేవుడెరుగు! ఉన్నవాటిల్లోకెల్లా గట్టిది పెడతా. ఈ జన్మలో మీరు మళ్ళీ నా మొహం చూడక్కర్లేదు."

"అంతకంటే అదృష్టమా! కానీ."

"విన్నావుగా, గట్టిది కలుపు," అన్నాడు డాక్టరు, తల తిప్పకుండా భార్య వైపు చెయ్యి చాపి. కలపడం ఎప్పుడూ ఆమె పనే. కలిపాక ఏదైనా తెల్లటి ముద్దే.

"ఇంతసేపా? మీ నాన్న లేచి పోతాడు."

"పోనివ్వను," అంటూ ఆమె సొరుగు తీసింది.

ఈసారీ తాత్కాలికమే కలిపింది.